‘ఏఐ వాడుతున్నావా?’ అని అడిగితే ఏం చెప్పాలి, ఏం చేయాలి

ఇదివరకు పొద్దున స్టాండప్ కాల్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) టికెట్ (అప్పగించిన పని) ఎంతదాకా వచ్చిందని అడిగేవాళ్లు. ఇప్పుడు ముందు ‘దీనికి కోపైలట్ వాడావా?’ అంటున్నారు, అంటే కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్. వాడానంటే ‘మరి ఇంకా అవలేదేం?’ వాడలేదంటే ‘ఎందుకు వాడలేదు?’ ఏం చెప్పినా తంటానే.

2025 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై కంపెనీ సీఈఓ టోబీ లుట్కే తన ఉద్యోగులకు రాసిన నోట్ బయటికొచ్చింది. ఏఐ వాడకం ఇక అందరి నుంచీ ఆశించే కనీస విషయమనీ, పనితీరు సమీక్షలో దాన్నీ చూస్తామనీ, టీమ్‌లోకి కొత్త మనిషి కావాలంటే ఆ పని ఏఐతో ఎందుకు కాదో ముందు చూపించాలనీ దాని సారాంశం. ఆ ధోరణి ఇప్పుడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి టౌన్‌హాల్ మీటింగుల్లోనూ వినపడుతోంది. అదే ఏడాది జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఏఐ వల్ల కాదని కంపెనీ చెప్పినా విన్నవాళ్ల భయం అటే పోయింది.

కింద రాసింది ఎక్కువగా ఐటీ సర్వీసెస్‌లో పనిచేసేవాళ్లకి. అకౌంట్స్, హెచ్‌ఆర్, సపోర్ట్‌లో ఉన్నవాళ్లకీ చాలావరకు సరిపోతుంది. ముందుగా ఒక హెచ్చరిక. ఒత్తిడికి తట్టుకోలేక చాలామంది దొంగ లెక్క చెప్తారు. ఆరు గంటలు పట్టిన పని ‘ఏఐతో మూడు గంటల్లో అయింది’ అని షీట్‌లో రాస్తారు. ఆ రోజుకి గండం గట్టెక్కుతుంది. వచ్చే స్ప్రింట్‌లో (తర్వాతి పని విడతలో) అదే పనికి మూడు గంటలే ఇస్తారు, ఈసారి మీరు రాసిచ్చిన అంకె చూపించి మరీ.

ముందు వాళ్లు అడిగేదేమిటో తేల్చుకోండి

‘ఏఐ వాడండి’ అనే మాట వెనక నాలుగు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఏది మీ మీదికొస్తోందో తెలియకుండా కంగారు పడితే అన్నీ కలిసి ఒకటే కొండలా కనపడతాయి.

అన్నిటికన్నా తేలికైనది లైసెన్స్ లెక్క. గిట్‌హబ్ కోపైలట్ బిజినెస్ లైసెన్స్ జాబితా ధర మనిషికి నెలకు 19 డాలర్లు, మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌ది 30 డాలర్లు. 500 మందికి మొదటిది కొంటేనే నెలకు 9,500 డాలర్లు. అంత డబ్బు పెట్టినవాళ్లు ఎవరు వాడుతున్నారో చూస్తారు. ప్రతి సీటుకీ చివరిసారి ఎప్పుడు వాడారన్న తేదీ అడ్మిన్‌కి కనపడుతుంది. ‘మీ టీమ్‌లో ఆరుగురు వాడట్లేదు’ అని మీ మేనేజర్‌కి వచ్చే మెయిల్ పుట్టేది అక్కడే. దీనికి వాదన అక్కర్లేదు. వారానికి రెండు మూడు నిజమైన పనులకు టూల్ తెరిస్తే చాలు.

రెండోది ట్రైనింగ్, సర్టిఫికెట్ల గొడవ. దీనికి గడువు ఉంటుంది, పూర్తి చేస్తే అయిపోతుంది. కాకపోతే రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని చేయకండి. వారానికి రెండు అరగంటలు ఆఫీస్ వేళల్లోనే క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, ఆ సమయాన్ని టైమ్‌షీట్‌లో ట్రైనింగ్ కింద వేయండి. టైమ్‌షీట్‌లో కనపడని పనికి ఆఫీసులో విలువ లేదు.

మూడోది ఎస్టిమేట్ కోత, అంటే ఏఐ ఉంది కదా అని పనికిచ్చే సమయం తగ్గించడం. నాలుగోది క్లయింట్ నుంచి వచ్చే ఒత్తిడి. కాంట్రాక్ట్ రెన్యువల్‌లో ‘మీవాళ్లు ఏఐ వాడుతున్నారు కదా, రేటు తగ్గించండి’ అంటారు, అది మెట్టు మెట్టు దిగి మీ టికెట్ దగ్గరికొస్తుంది. చివరిదాన్ని మీరొక్కరే ఆపలేరు. మీ భాగం లెక్క మాత్రం మీ చేతిలో ఉంచుకోగలరు.

మీకు తగిలింది ఏ రకమో తెలియకపోతే మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి. చాట్‌లో వద్దు, చాట్ పైకి జరిగిపోతుంది. మెయిల్‌లో ఆవేశం, వ్యంగ్యం లేకుండా ఈ విషయం ఉంటే చాలు:

“నిన్నటి మీటింగులో ఏఐ టూల్స్ గురించి చెప్పారు కదా, నాలుగు విషయాలు తెలిస్తే నాకు సులువవుతుంది. మన ప్రాజెక్టులో వాడటానికి అనుమతి ఉన్న టూల్స్ ఏవి? క్లయింట్ కోడ్, డేటా వాటిలో పెట్టడానికి క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నారా? మా వాడకాన్ని దేన్ని బట్టి కొలుస్తారు? టూల్ రాసిన కోడ్‌ని రివ్యూ చేసే సమయం ఎస్టిమేట్‌లో కలపొచ్చా? శుక్రవారంలోగా చెప్తే వచ్చే స్ప్రింట్ ప్లాన్‌లో పెట్టుకుంటాను.”

చాలాసార్లు జవాబు రాదు. మేనేజర్‌కీ తెలియకపోవడమే కారణం, ఆయన కూడా పైనుంచి విన్నదే చెప్పారు. రెండు రోజులాగి అదే మెయిల్ మీద ఇంకో లైను రాయండి: ‘మీ జవాబు వచ్చేదాకా క్లయింట్ డేటా లేని పనులకే టూల్ వాడుతున్నాను.’ వాడనని మీరు అనలేదు. ఏ హద్దులో వాడుతున్నారో రాతలో ఉంది. రేపు డేటా బయటికి పోయిందని ఆడిట్ వస్తే ఈ ఒక్క లైనే మిమ్మల్ని కాపాడుతుంది.

డేటా దగ్గర చిన్న తప్పుకి పెద్ద శిక్ష

2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక ఆ కంపెనీ అలాంటి టూల్స్‌ని నిషేధించింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో, ఫోన్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన సిబ్బందికి చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్తుంది. అది కట్టేది కంపెనీయే, కానీ ఆ డేటా ఎవరి లాగిన్‌తో బయటికి వెళ్లిందో వెతికినప్పుడు బయటపడేది మీ పేరు.

కంపెనీ ఇచ్చిన లైసెన్స్ ఉంది కదా, ఏదైనా పెట్టొచ్చు అనుకోవద్దు. టూల్ అమ్మిన కంపెనీకీ మీ కంపెనీకీ ఉన్న ఒప్పందం వేరు, మీ కంపెనీకీ క్లయింట్‌కీ ఉన్న ఒప్పందం వేరు. రెండోదానిలో ‘మూడో పార్టీకి మా డేటా ఇవ్వకూడదు’ అని ఉంటే మొదటిది ఎంత పక్కాగా ఉన్నా లాభం లేదు.

కంపెనీ నెట్‌వర్క్‌లో బ్లాక్ చేశారని స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి సొంత అకౌంట్‌లో పెట్టేవాళ్లున్నారు. ఒత్తిడిలో చేసే పనుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. సొంత చాట్‌జీపీటీ అకౌంట్‌లో డేటా కంట్రోల్స్‌లోకి వెళ్లి మోడల్ మెరుగుదలకు వాడుకోవద్దని ఆపేయొచ్చు, టెంపరరీ చాట్ తెరవొచ్చు. అయినా టెంపరరీ చాట్ కాపీ కూడా 30 రోజుల దాకా వాళ్ల సర్వర్‌లో ఉండొచ్చు. ఆఫీసు పనికి సొంత అకౌంట్ వద్దు, అంతే.

అనుమతి ఉన్న టూల్‌లో కూడా లాగ్ (ప్రోగ్రామ్ నడిచినప్పుడు జరిగింది నమోదయ్యే ఫైలు) పెట్టేముందు పేర్లు, నంబర్లు మార్చాలి. ఇది ఎలా చేస్తే పని చెడిపోతుందో చూడండి. ఒక కేవైసీ సర్వీస్ లాగ్‌లో కస్టమర్ పేరు, పాన్, ఆధార్, ఫోన్ నంబరు ఉన్నాయి, ఎర్రర్ ఎందుకొస్తోందో టూల్‌ని అడగాలి. తొందరలో అన్నిటి స్థానంలో ఎక్స్‌లు పెట్టేస్తే, ఏ రికార్డు ఏ కస్టమర్‌దో టూల్‌కీ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఒకే కస్టమర్‌కి లాగ్ అంతటా ఒకే మారుపేరు పెట్టాలి: కస్టమర్-1, కస్టమర్-2 అలా. ఆ పట్టిక మీ మెషీన్‌లోనే ఉండాలి.

పాన్‌లో పది గుర్తులు: అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెప్తుంది, వ్యక్తికైతే పి, కంపెనీకైతే సి. మారు పాన్‌లో ఆ అక్షరాన్ని అలాగే ఉంచకపోతే వాలిడేషన్‌లోనే కొత్త ఎర్రర్ పుడుతుంది. ఆధార్ ఇంకా తిరకాసు. 12 అంకెల్లో చివరిది చెక్ అంకె, మిగతా పదకొండింటి నుంచి లెక్కేసి వస్తుంది. నోటికొచ్చిన 12 అంకెలు పెడితే చెక్ ఫెయిలవుతుంది, టూల్ ‘ఆధార్ తప్పు’ అని చెప్తుంది, మీరు లేని బగ్ వెనక సాయంత్రం దాకా తిరుగుతారు. ఆధార్ సున్నాతో గానీ ఒకటితో గానీ మొదలవదు కాబట్టి, మారు నంబరుని వాటితో మొదలుపెడితే పొరపాటున కూడా ఎవరి అసలు నంబరూ తగలదు. చెక్ అంకె గురించి, మొదటి అంకె గురించి ఒక్క ముక్క ప్రాంప్ట్‌లో (టూల్‌కి రాసే ప్రశ్నలో) చెప్పేయండి. ఇక పాస్‌వర్డులు, టోకెన్లు, సర్వర్ పేర్లు, ఐపీ అడ్రసులు మార్చడం కాదు, పూర్తిగా తీసేయాలి.

రెండు వారాల లెక్క

‘ఏఐ వల్ల నీకు ఎంత మిగులుతోంది?’ అన్న ప్రశ్నకి గట్టి జవాబు కావాలంటే కొలవాలి. మనసుకి అనిపించేది నమ్మడానికి లేదు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. ఒక్కో పనికీ ఏఐ వాడొచ్చా లేదా అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఏఐ వాడిన పనులకు సగటున 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అసలు సంగతి అది కాదు. పని అంతా అయ్యాక కూడా ఆ డెవలపర్లు తాము 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. వాళ్లకు బాగా అలవాటైన పెద్ద కోడ్‌లో జరిగిన పరీక్ష అది, కొత్త భాషలో చిన్న స్క్రిప్ట్ రాసేవాళ్లకి వర్తించకపోవచ్చు. మీ సంగతి మీరే కొలుచుకోవాలన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఒక షీట్ తెరిచి ఈ గడులు పెట్టండి: పని పేరు, పని రకం, ముందు అనుకున్న నిమిషాలు, టూల్ వాడారా లేదా, ప్రాంప్ట్ రాయడానికి జవాబు కోసం ఆగడానికి పట్టిన నిమిషాలు, చదివి సరిదిద్దడానికి పట్టిన నిమిషాలు, రివ్యూలో వెనక్కొచ్చిందా, వారం తర్వాత బగ్ వచ్చిందా. రెండు వారాల్లో ఒకే రకం పనులు పది, పన్నెండు ఎంచుకోండి. సగం టూల్‌తో, సగం టూల్ లేకుండా. ఏది దేనితో అన్నది నాణెం ఎగరేసి తేల్చండి. లేకపోతే తెలియకుండానే తేలికైన పనులన్నీ టూల్‌కి ఇచ్చేసి, అది బ్రహ్మాండంగా చేసిందనుకుంటారు. లేదా కష్టమైనవి ఇచ్చి పనికిరాదంటారు.

ఎక్కువమంది తప్పు చేసేది సరిదిద్దిన సమయం గడి దగ్గర. జవాబు 40 సెకన్లలో వచ్చింది కాబట్టి పని 40 సెకన్లలో అయిందని రాసేస్తారు. దాన్ని చదివి, వేరియబుల్ పేర్లు మీ పద్ధతికి మార్చి, టెస్ట్ చేసి, రెండుసార్లు తిరగరాసిన 50 నిమిషాలు ఎక్కడా పడవు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోవడమే దారి, గుర్తుపెట్టుకుని సాయంత్రం రాద్దామంటే కుదరదు. పది పన్నెండు పనులతో శాస్త్రం రుజువు కాదు. మీటింగులో చెప్పడానికి మాత్రం ‘నాకు అనిపిస్తోంది’ కన్నా బలంగా నిలబడుతుంది.

ఆకుపచ్చగా కనపడే తప్పులు

టూల్ సులువు చేసే పనులు ఉన్నాయి, ఒప్పుకోవాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయడం, పాత కోడ్‌కి వివరణ, ఒక భాషలోని స్క్రిప్ట్‌ని ఇంకో భాషలోకి మార్చడం, ఎర్రర్ మెసేజ్ అర్థం, మొదటి చిత్తుప్రతి. జవాబు సరైనదో కాదో మీరు నిమిషంలో తేల్చగలిగిన చోట టూల్ లాభం. తేల్చడానికి గంట పట్టేచోట నష్టం. పని ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు.

ప్రమాదం ఎక్కడుందో ఒక్క ఉదాహరణలో చూడొచ్చు. తేదీ ఇస్తే ఏ క్వార్టరో చెప్పే ఫంక్షన్ రాయమని, దానికి యూనిట్ టెస్టులు (ఫంక్షన్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న పరీక్షలు) కూడా రాయమని టూల్‌ని అడిగారు. నెల అంకెలోంచి ఒకటి తీసేసి, మూడుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపే కోడ్ రాసింది. మే నెలకు రెండో క్వార్టర్ వచ్చింది. టెస్ట్ కూడా ‘మే అంటే రెండు రావాలి’ అని రాసింది. నడిపితే అన్నీ ఆకుపచ్చ టిక్కులే. మీ క్లయింట్ ఇండియాలో ఉండి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే మే మొదటి క్వార్టర్, 2026 జనవరి 2025-26లో నాలుగో క్వార్టర్. కోడ్‌దీ టెస్ట్‌దీ ఒకే తల కాబట్టి ఆ తలలో ఉన్న పొరపాటు రెండుచోట్లా పడింది. దొంగే సాక్షిగా నిలబడ్డట్టు. అందుకని కోడ్ టూల్ రాస్తే, టెస్ట్‌లో రావాల్సిన విలువలు మీరు రాయండి, అవి రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చూసి రాయండి, కోడ్ చూసి కాదు. మార్చి 31, ఏప్రిల్ 1, డిసెంబర్ 31, జనవరి 1, ఈ నాలుగు తేదీలు తప్పనిసరి.

ఇలాంటివే మనకు ఇంకొన్ని. పేరుని ఖాళీ దగ్గర విరగ్గొట్టి చివరి ముక్క ఇంటిపేరు అనుకోవడం టూల్‌కి అలవాటు. ‘కొండపల్లి రాము’ అనే కస్టమర్ ఇంటిపేరు రాము అయిపోతుంది, ‘డియర్ కొండపల్లి’ అని మెయిల్ వెళ్తుంది. 04/05/2025ని మే 4కి బదులు ఏప్రిల్ 5గా చదవడం ఇంకోటి. 12 లోపు రోజులకు ఎర్రర్ కూడా రాదు, తప్పు తేదీ మౌనంగా డేటాబేస్‌లో కూర్చుంటుంది. లక్షలు, కోట్ల దగ్గర కామాలు పెట్టాల్సిన రిపోర్టులో మిలియన్ల పద్ధతి వచ్చేస్తుంది.

లేని ప్యాకేజీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేరు చెప్పి దాన్ని ఇన్‌స్టాల్ చేయమనడం కూడా ఉంది. అలా టూల్స్ తరచూ కల్పించే పేర్లను దుండగులు ముందే రిజిస్టర్ చేసి వైరస్ పెట్టే వీలుంది. కొత్త ప్యాకేజీ అనగానే దాని పేజీకి వెళ్లి, మొదటి రిలీజ్ ఎప్పుడు, సోర్స్ రిపాజిటరీ లింక్ ఉందా, ఎంతమంది వాడుతున్నారు అన్న మూడు చూడండి. నిన్న పుట్టిన ప్యాకేజీ అయితే ముట్టుకోకండి.

కోడ్ కాకుండా రిపోర్టులు రాసేవాళ్లకు ఇదే ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమాన సంస్థ మీద కేసు వాదిస్తున్న లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టులో ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. 2025లో ఆస్ట్రేలియా ప్రభుత్వానికి కన్సల్టింగ్ కంపెనీ డెలాయిట్ ఇచ్చిన రిపోర్టులో లేని పరిశోధనల ప్రస్తావనలు బయటపడి, ఫీజులో కొంత వెనక్కి ఇచ్చింది. రిపోర్టులో కనపడే ప్రతి అంకెనీ, ప్రతి తీర్పునీ అసలు డాక్యుమెంట్‌లో తెరిచి చూశాకే పంపండి. టూల్‌నే ‘ఇది నిజమేనా?’ అని అడిగి ఊరుకోకండి. ఆ న్యూయార్క్ లాయర్ అడిగాడు, నిజమేనంది.

మీటింగ్ మినిట్స్ టూల్‌కి వదిలేసేవాళ్లు మన మాట తీరుని గుర్తుపెట్టుకోవాలి. ‘చూద్దాంలెండి’ అని మనం అన్నామంటే సగం కాదన్నట్టే. అది మినిట్స్‌లో ‘పరిశీలించి చేస్తామని ఒప్పుకున్నారు’ అని పడి, మీ పేరు పక్కన యాక్షన్ ఐటమ్‌గా నిలబడుతుంది. పంపేముందు మీ పేరు ఉన్న ప్రతి లైనూ చదవండి.

ఎస్టిమేట్ సగానికి కోస్తే

‘ఏఐ ఉంది కదా, సగం టైమ్ చాలదా?’ ఈ ప్రశ్నకు ‘చాలదండీ’ అంటే బద్ధకం అనిపించుకుంటారు. టికెట్‌ని ముక్కలు చేసి చూపించండి. 40 గంటల టికెట్ అనుకుందాం. రిక్వైర్‌మెంట్ అడిగి తేల్చుకోవడానికి 8, కోడింగ్‌కి 10, కోడ్ రివ్యూకి 4, టెస్టింగ్‌కి 10, అప్రూవల్స్, యూఏటీ (క్లయింట్ వైపు చేసే చివరి పరీక్ష), డిప్లాయ్‌మెంట్‌కి 8. టూల్ కోడింగ్‌ని నిజంగానే సగం చేసిందనుకున్నా మిగిలేది 5 గంటలు, 40 కాస్తా 35 అవుతుంది, 20 కాదు. టూల్ ఎక్కువ లైన్ల కోడ్ రాస్తే రివ్యూ 4 నుంచి 6 అవుతుంది, అప్పుడు 37.

చెప్పేటప్పుడు ఇలా చెప్పొచ్చు: ‘కోడింగ్‌లో అయిదు గంటలు తగ్గిస్తానండీ. క్లయింట్ నుంచి జవాబు రావడానికి పట్టే ఎనిమిది గంటలు టూల్ చేతిలో లేవు. మీరు అక్కడ తగ్గించగలిగితే ఇంకా తొందరగా ఇస్తాను.’ బంతి సరైన చోటికి వెళ్తుంది. మేనేజర్ పట్టుబట్టి 20 గంటలే ఇస్తే, ఏది వదిలేయాలో ఆయన్నే అడగండి. రిగ్రెషన్ టెస్టింగా (పాతవి చెడలేదని చూసే పరీక్ష), రివ్యూనా? ఏ మేనేజరూ ‘టెస్టింగ్ వదిలేయ్’ అని రాతపూర్వకంగా రాయరు.

వినపడే కారణాలు, వినపడని కారణాలు కొన్ని ఉన్నాయి. ‘ఈ టూల్స్ నాకు నచ్చవు’, ‘ఇదంతా నాలుగు రోజుల ముచ్చట’ అంటే మీ మాట అక్కడితో ఆగిపోతుంది. ‘క్లయింట్ ఒప్పందంలో లేదు’, ‘రివ్యూలో ఇన్నిసార్లు వెనక్కొచ్చింది’, ‘ఈ రకం పనికి లాభం, ఆ రకానికి నష్టం, ఇదిగో షీట్’ అంటే వినక తప్పదు. టూల్స్ వాడటం మీకు సూత్రప్రాయంగానే ఇష్టం లేకపోయినా, ఆఫీసులో మాట్లాడాల్సింది మాత్రం నాణ్యత, డేటా, సమయం గురించే.

వాడినట్టు నటించడం

కోడ్ టూల్స్ డాష్‌బోర్డులు ‘ఎన్ని సూచనలు అంగీకరించారు’ అనే అంకె చూపిస్తాయి. ఆ అంకె పెంచడానికి వచ్చిన ప్రతి సూచనకీ ట్యాబ్ నొక్కి, వెంటనే చెరిపేసేవాళ్లు ఉన్నారు. డాష్‌బోర్డ్ లెక్కేసేది ట్యాబ్ నొక్కిన క్షణాన్ని, ఆ లైను కోడ్‌లో మిగిలిందా లేదా అన్నదాన్ని కాదు. కాబట్టి అంకె నిజంగానే పెరుగుతుంది. పెరిగిన అంకె పైకి వెళ్లి ‘ఈ టీమ్‌కి అలవాటైంది, ఇక ఇద్దర్ని వేరే ప్రాజెక్టుకి పంపొచ్చు’ అని వెనక్కొస్తుంది. మొత్తం టీమ్ నటిస్తే మొత్తం టీమ్‌కీ తగులుతుంది.

దీనికి రివర్స్‌లో నటించేవాళ్లూ ఉన్నారు, టూల్‌తో చేసి సొంతంగా చేశామని చెప్పేవాళ్లు. రివ్యూ చేసేవాళ్లకు ఇది నరకం. పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్‌ని ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థన) వివరణలో ఏ ఫైలుకి టూల్ వాడారో ఒక్క లైను రాయడం టీమ్ పద్ధతిగా పెట్టుకుంటే, రివ్యూయర్ ఆ ఫైల్లో అంచు కేసుల (మార్చి 31 లాంటి హద్దు విలువల) మీద, ప్యాకేజీల మీద ఎక్కువ చూపు పెడతారు.

మధ్యలో నలిగే లీడ్‌లకు

పైనుంచి డాష్‌బోర్డ్, కింద నుంచి గొణుగుడు. లీడ్ చేయగలిగిన మంచి పని, పైవాళ్లకు వాడకం శాతానికి బదులు వేరే అంకె ఇవ్వడం. టూల్ వాడిన టికెట్లలో వెనక్కొచ్చినవి ఎన్ని, వాడనివాటిలో ఎన్ని, పక్కపక్కన పెట్టి నెలకొకసారి పంపండి. శాతం అడిగినవాళ్లు కూడా ఈ పట్టిక చూశాక దాని గురించే మాట్లాడతారు.

టీమ్‌లో రెండు నియమాలు చాలు. 400 లైన్లు దాటిన పుల్ రిక్వెస్ట్‌ని ఎవరు రాసినా, ఏది రాసినా ముక్కలు చేయాలి. కమిట్ చేసినవాళ్లు ఆ కోడ్‌లో ఏ లైను గురించి అడిగినా వివరించగలగాలి. ‘అది టూల్ రాసింది’ అన్నది జవాబు కాదు, ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి టూల్‌కి ఎవరూ ఫోన్ చేయరు. కొత్తగా చేరిన ఫ్రెషర్లకు ఇది మరీ ముఖ్యం. ఇచ్చిన పనిలో వారానికి ఒకటైనా టూల్ లేకుండా చేయించండి, లేకపోతే ఏడాది తర్వాత డీబగ్ చేయడం ఎవరికీ రాదు.

అప్రైజల్ లక్ష్యంలో మాట చూసుకోండి

‘80 శాతం పనుల్లో ఏఐ వాడాలి’ అని గోల్ షీట్‌లో వస్తే అలాగే ఒప్పుకోకండి. దేనిలో 80 శాతమో ఎవరికీ తెలియదు, ఏడాది చివర ఎవరికి నచ్చినట్టు వాళ్లు లెక్కేస్తారు. మార్చమని అడిగితే చాలామంది మేనేజర్లు మారుస్తారు, వాళ్లకూ ఆ లైను హెచ్‌ఆర్ నుంచి కాపీ అయి వచ్చిందే. ఇలా ప్రతిపాదించండి: ‘అనుమతి ఉన్న టూల్‌ని మూడు రకాల పనుల్లో పరీక్షించి, సమయం, లోపాల లెక్క క్వార్టర్‌కోసారి టీమ్‌కి ఇవ్వడం, పనికొచ్చిన ప్రాంప్ట్‌లు, పనికిరాని చోట్లు టీమ్ వికీలో రాయడం.’ ఇది మీ చేతిలో ఉన్న పని, చివర్లో చూపించడానికి కాగితం ఉంటుంది.

‘రిజైన్ చెయ్యి’ అనేదాకా వస్తే

అప్పుడప్పుడు ఏఐ అన్నది సాకు మాత్రమే, సంఖ్య తగ్గించాలని ముందే నిర్ణయమై ఉంటుంది. హెచ్‌ఆర్ కాల్‌కి పిలిచి ‘మీరే రిజైన్ చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అంటారు. ఆ కాల్‌లోనే ఒప్పుకోకండి, పోర్టల్‌లో బటన్ నొక్కకండి. ఆలోచించుకుని చెప్తానని చెప్పి, కాల్ అయిన గంటలోపు మీరే మెయిల్ రాయండి: ‘ఈరోజు మూడు గంటల కాల్‌లో నన్ను రాజీనామా చేయమన్నారు. కారణం, షరతులు రాతపూర్వకంగా ఇవ్వగలరు.’

దీనికి కారణం ఉంది. చట్టప్రకారం ‘వర్కర్’ నిర్వచనంలోకి వచ్చేవాళ్లని ఏడాది సర్వీసు దాటాక రిట్రెంచ్ చేస్తే (క్రమశిక్షణ చర్యగా కాకుండా కంపెనీయే ఉద్యోగం తీసేస్తే) నెల నోటీసు గానీ దాని బదులు జీతం గానీ ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. మీ అంతట మీరు రాజీనామా చేస్తే ఆ పరిహారం రాదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఉద్యోగాలు పోయే అవకాశమున్న సాంకేతిక మార్పులకు 21 రోజుల ముందు నోటీసు అనే నియమం కూడా ఉంది. మీరు వర్కర్ కిందికి వస్తారా అన్నది విజిటింగ్ కార్డు మీది హోదాని బట్టి కాదు, రోజూ చేసే అసలు పనిని బట్టి తేలుతుంది. మేనేజర్ పనిచేసేవాళ్లు, 18,000 రూపాయలకు మించిన జీతంతో సూపర్‌వైజర్ పనిచేసేవాళ్లు రారు. కోడ్ రాసే, టెస్ట్ చేసే ఉద్యోగి ఒకసారి కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌ని కలవడం మంచిది, రాజీనామాకి ముందు, తర్వాత కాదు.

లాప్‌టాప్ లాక్ అయ్యాక ఏదీ దొరకదు కాబట్టి ముందే తీసి పెట్టుకోవాల్సినవి: ఆఫర్ లెటర్, అప్రైజల్ లెటర్లు, గత పన్నెండు నెలల పేస్లిప్పులు, ఫామ్ 16. ఇవి మీవే, సొంత మెయిల్‌కి పంపుకోవచ్చు. పైన చెప్పిన సమయాల షీట్‌ని పంపేముందు మాత్రం క్లయింట్ పేరు, టికెట్ నంబర్లు తీసేయండి. కోడ్, క్లయింట్ డాక్యుమెంట్ ఒక్కటి కూడా వెళ్లకూడదు, వెళ్తే ఆ ఒక్కదాన్ని చూపించే తీసేస్తారు. పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు యూఏఎన్‌కి కంపెనీ సిమ్ నంబరు లింక్ అయి ఉంటే ఈ వారమే సొంత నంబరుకి మార్చుకోండి.